మందు ఎక్కడ దొరుకుతుంది? – పాడేరు మన్యంలో మత్తు చరిత్ర, చికిత్స దారులు



ఈ సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఒక వ్యాసం కావాలని సంఘం పెద్దలు అడిగినప్పుడు, ధింసా గురించో మోదకొండమ్మ జాతర గురించో రాద్దామనుకున్నాను. రాయడానికి కూర్చుంటే మా హాస్టల్ పిల్ల అడిగిన ఒక ప్రశ్నే గుర్తొచ్చింది. నాలుగేళ్ల క్రితం, రాత్రి స్టడీ అవర్ అయిపోయాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నా గది గుమ్మం దగ్గర నిలబడింది. “మేడం, మా అన్నయ్యకి మందు ఎక్కడ దొరుకుతాదండి?” అంది.

మన భాషలో మందు అంటే రెండర్థాలు. ఒక్క క్షణం నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల అడుగుతున్నది గంజాయి మాన్పించే వైద్యం గురించి అని తర్వాత అర్థమైంది. అయినా జవాబు చెప్పలేకపోయాను. “అవన్నీ పెద్దవాళ్లు చూసుకుంటారు, నువ్వు చదువు మీద దృష్టి పెట్టు” అని పంపేశాను. బి.ఇడి. చదివాను, ఎన్నో శిక్షణలు తీసుకున్నాను. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ వెతుక్కోలేదు. అప్పుడు చెప్పవలసిన జవాబు ఇప్పుడు మీకు రాస్తున్నాను. దానికి ముందు కొంత చరిత్ర చెప్పాలి. ఈ మత్తు మన కొండలకు ఎలా వచ్చిందో, ఎవరి లాభానికి వచ్చిందో తెలియకపోతే, దానిలో పడిన మన పిల్లవాణ్ణి దొంగను చూసినట్టు చూస్తాం.

మన పాడేరు

విశాఖపట్నం నుంచి చోడవరం మీదుగా మాడుగుల మండలం దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే, సుమారు 110 కిలోమీటర్ల దూరంలో, సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది మన ఊరు. ఒకప్పుడు తాలూకా కేంద్రం. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు జిల్లా కేంద్రమైంది. విశాఖ మన్యంలోని 11 మండలాలు, అంటే అనంతగిరి, అరకులోయ నుంచి చింతపల్లి, గూడెంకొత్తవీధి, కొయ్యూరు దాకా, ఆసుపత్రికైనా ఆఫీసు పనికైనా ఇక్కడికే రావాలి.

భగత, వాల్మీకి, కొండదొర, కోదు, పోర్జ, గదబ, నూకదొర, కొండకమ్మర, కోటియా, మాలి ఇలా ఎన్నో తెగలవాళ్లం ఈ సంతలో కలుస్తాం. తెలుగుతోపాటు ఆదివాసీ ఒరియా, కువి మాటలు వినిపిస్తాయి. మనది రాజ్యాంగం ఐదో షెడ్యూలు ప్రాంతం. 1/70 చట్టం వల్ల ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. మన పంటలు వరి, రాగులు, రాజ్‌మా, పసుపు, మిరియాలు, కాఫీ. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంత మంచి పంట పండించే ప్రాంతం పేరు చెబితే బయటి ఊళ్లలో కొందరు ముందుగా గంజాయి గురించి అడుగుతారు. పై చదువులకు విశాఖ, హైదరాబాదు వెళ్లిన మన పిల్లలకు ఈ అనుభవం ఉండే ఉంటుంది.

కల్లు మీద పన్ను – 1879

మన పూర్వీకులు మత్తు ముట్టనివాళ్లని నేను అనను. జీలుగు కల్లు, తాటి కల్లు, ఇప్పసారా మన పండుగలో, పెళ్లిలో, చావు కర్మలో ఉన్నాయి. చెట్టు మనది, గీసేవాడు మనవాడు, తాగడానికి ఒక సందర్భం ఉండేది. ఆ సంగతిలోకి సర్కారు, షావుకారు వచ్చాక కథ మారింది.

1839లో ఆంగ్లేయులు 24వ చట్టం చేసి గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తీసి కలెక్టరుకు అప్పగించారు. ‘ఏజెన్సీ’ అనే పేరు అక్కణ్ణుంచే వచ్చింది. ఆ తర్వాత కొండల్లోకి అబ్కారీ నిబంధనలు ఎక్కాయి. కల్లు హక్కులను మైదానం నుంచి వచ్చిన కౌలుదార్లకు ఇచ్చారు. ఇంటి వాడకానికి సొంత చెట్టు గీసుకోవడం కూడా తప్పయింది. మనకు దక్షిణంగా ఉన్న రంప ప్రాంతంలో అక్కడి మున్సబుదారు అప్పటికే చిగురుపన్ను పేరుతో కల్లు చెట్ల మీద వసూలు చేస్తున్నాడు. కౌలుదారు వచ్చాక ఆ భారం ఇంకా పెరిగింది. అడవి మీద ఆంక్షలు, మైదానపు వ్యాపారుల అప్పులు దానికి తోడయ్యాయి.

1879 మార్చిలో రంపలో తిరుగుబాటు లేచింది. గొలుగొండ కొండలకు, భద్రాచలం తాలూకాకు పాకింది. అణచడానికి సర్కారు సైన్యాన్ని దింపవలసి వచ్చింది. పాఠ్యపుస్తకంలో రంప పితూరీకి ఒక పేరా ఇస్తారు. మీరు గుర్తుపెట్టుకోవలసిన సంగతి అందులో ఒకటుంది. మన తాగుడు మీద బయటివాడు లాభం తీసుకోవడాన్ని మన కొండలవాళ్లు అన్యాయంగా గుర్తించి పోరాడారు. అప్పటికింకా అల్లూరి సీతారామరాజు పుట్టలేదు.

మానమని చెప్పిన నాయకుడు – 1922

అల్లూరి అంటే మనకు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో జరిగిన దాడులు గుర్తొస్తాయి. పోడు కొట్టనివ్వకపోవడం, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనిలో మనవాళ్ల చేత చాకిరీ చేయించడం ఆ పోరాటానికి కారణాలని మీరు చదువుకున్నారు.

దాడులకు ముందు ఆయన చేసిన పని మీద అంతగా మాట్లాడుకోం. ఊరూరా తిరుగుతూ తాగుడు మానమన్నాడు, తగాదాలు కోర్టుకు పోకుండా మీ పంచాయతీలోనే తీర్చుకోండి అన్నాడు. తాగినవాడికి అప్పు కావాలి, అప్పు ఇచ్చినవాడికి భూమి కావాలి. ఈ లంకె తెలిసినవాడు కాబట్టే పోరాటం కంటే ముందు దాన్ని పట్టుకున్నాడు. 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపారు. ఏటా ఆ తేదీన దండలు వేస్తున్నాం. ఆయన మానమన్నది కూడా ఆ రోజు ఒకసారి తలుచుకుంటే బాగుంటుంది.

సారా నుంచి గ్రామసభ దాకా

స్వాతంత్ర్యం వచ్చాక కూడా మద్యం ఆదాయం సర్కారుకు ముఖ్యమైనదిగానే ఉండిపోయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు, అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న తల్లులు, సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో మద్య నిషేధాన్ని సడలించారు.

మనకు అంతకంటే ముఖ్యమైనది 1996లో వచ్చిన పీసా చట్టం. షెడ్యూలు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని అది చెబుతుంది. బారికి చాటింపు వేసి ఊరంతా కూర్చుని చేసే తీర్మానానికి చట్టబలం ఉందన్నమాట. 1879లో మనవాళ్లు ప్రాణాలిచ్చినా దక్కని హక్కు ఇవాళ కాగితం మీద ఉంది. దాన్ని వాడుకునే ఊళ్లు ఇంకా పెరగాలి.

గంజాయి ఎవరి పంట?

“గంజాయి గిరిజనుల సంప్రదాయం” అని తేలిగ్గా అనేస్తుంటారు. 1893–94లో ఆంగ్ల ప్రభుత్వం గంజాయి మీద ఒక కమిషన్ వేసింది. ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలో సర్కారు లెక్కల్లో ఉండే గంజాయి సాగుకు పేరుపడినవి నాటి కృష్ణా జిల్లాలోని బాపట్ల తాలూకా, ఉత్తర ఆర్కాటు జిల్లాలోని జవ్వాది కొండలు. అంటే లైసెన్సుతో పండించి సర్కారుకు పన్ను కట్టిన గంజాయి మైదానపు పొలాల్లో కూడా పెరిగింది. 1985లో మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చి గంజాయి సాగును దేశమంతా నేరం చేసింది. అప్పుడు వ్యాపారులకు రోడ్డు లేని, పోలీసు అందుకోలేని చోటు కావలసి వచ్చింది. అలా మన కొండలను వెతుక్కుంటూ వచ్చారు.

మనవాళ్లు ఎందుకు ఒప్పుకున్నారంటే లెక్క సులభం. కాఫీ మొక్క నాటితే కాపుకు మూడు నాలుగేళ్లు ఆగాలి. గంజాయికి ఆరు నెలలు చాలు. పెట్టుబడి, విత్తనం బయటివాడే తెచ్చేవాడు, అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. కౌలుదారు పోయి పెట్టుబడిదారు వచ్చాడు. రాత్రిపూట కొండదారిన మూటలు మోసే పని మన కుర్రవాళ్లది. కోట్లు సంపాదించినవాడు ఎక్కడో పట్నంలో ఉంటే, మూట వీపు మీద ఉన్నవాడు జైల్లో ఉన్నాడు.

2021 చివర్లో మొదలైన ఆపరేషన్ పరివర్తనలో 7,500 ఎకరాలకు పైగా తోటలు కొట్టేశారు. చాలా ఊళ్లలో జనమే ముందుకొచ్చి మొక్కలు పీకారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. తోటలు తగ్గాయి. అయితే మొక్క పీకినంత తేలిగ్గా అలవాటు పోదు. మోయడానికి వెళ్లినవాడు నిద్ర రాకుండా, భయం పోవడానికి ఒక దమ్ము పీల్చడం మొదలుపెట్టాడు. ఆ అలవాటు ఊళ్లోకి, కాలేజీ గట్టు మీదికి వచ్చింది. మా హాస్టల్ అమ్మాయి అన్నయ్య అలా మొదలుపెట్టినవాడే.

చికిత్స అంటే ఏమిటి?

ఆ ఇంట్లోవాళ్లు ముందు దిసారి దగ్గరకు తీసుకెళ్లారు. కోళ్లు, మేక అయ్యాయి. తర్వాత ఎవరో చెబితే మైదానంలో ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్చారు. పసుపు అమ్మిన డబ్బంతా కట్టించుకుని, గదిలో పెట్టి తాళం వేసి కొట్టారట. అక్కణ్ణుంచి పారిపోయి వచ్చిన అబ్బాయికి ‘చికిత్స’ అన్న మాట వింటేనే వణుకు. ఇంకొకరి ఇంట్లో ఇది జరగకూడదనే కింది సంగతులు వివరంగా రాస్తున్నాను.

మొదటిది, ఇది జబ్బు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తీసుకుంది. కాబట్టి డీ-అడిక్షన్ పేరుతో మనుషులను ఉంచుకుని వైద్యం చేసే కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. రోగిని గొలుసులతో కట్టడం నేరం. ఏ కేంద్రంలోనైనా చేర్చేముందు రిజిస్ట్రేషన్ పత్రం చూపించమనండి, డాక్టరు ఎప్పుడు వస్తారో అడగండి, ఇంటివాళ్లను కలవనిస్తారో లేదో అడగండి. ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పని చోట చేర్చవద్దు.

రెండోది, అన్ని మత్తులకూ ఒకటే వైద్యం కాదు. గంజాయి మానినవాడికి ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం మొదలవుతాయి. మొదటి వారంలో ఎక్కువగా ఉండి, రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. దీనికి ఒక్క మాత్రతో పోగొట్టే మందు లేదు. నిద్రకు, ఆందోళనకు డాక్టరు కొద్దిరోజులు మందు ఇస్తారు. అసలు వైద్యం కౌన్సెలింగే. ఎప్పుడు, ఎవరితో, ఎందుకు తాగాలనిపిస్తుందో గుర్తించి దాన్ని దాటడం నేర్పుతారు. లేని మాటలు వినపడుతున్నాయన్నా, అందరూ తనను చంపడానికి చూస్తున్నారన్నా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడికి చూపించాలి.

సారా, బ్రాందీ ఏళ్ల తరబడి రోజూ తాగేవాణ్ణి మాత్రం ఇంట్లో కట్టేసి ఒక్కసారిగా మాన్పించకూడదు. మానిన మొదటి రోజే చేతులు వణుకుతాయి, ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. ఆసుపత్రిలో వణుకు తగ్గించే మందులు, బి1 విటమిన్ ఇచ్చి జాగ్రత్తగా మాన్పిస్తారు. మళ్లీ తాగాలన్న కోరికను తగ్గించే మందులు కూడా ఉన్నాయి.

మూడోది, ఎక్కడికి వెళ్లాలి? ముందు మీ ఊరి ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో చెప్పండి. పీహెచ్‌సీ డాక్టరు చూసి పైకి చీటీ రాస్తారు. పాడేరులో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా తొలి బ్యాచ్‌తో మొదలైంది. ఓపీలో మానసిక వైద్యుడు ఏ రోజు చూస్తారో అడిగి వెళ్లండి. అంతకంటే ఎక్కువ అవసరమైతే విశాఖపట్నంలో కేజీహెచ్ మానసిక వైద్య విభాగం, వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు కూడా ఉన్నాయి. ఆధార్, రేషన్ కార్డు, పాత చీటీలు తీసుకెళ్లండి. మనిషికి తోడుగా ఇంట్లో ఒకరు వెళ్లాలి.

సిగ్నల్ దొరికే చోట నుంచి ముందు ఫోన్‌లో మాట్లాడవచ్చు. మత్తు మానడానికి సలహా కోసం 14446. మనసు బాగోనప్పుడు టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. పిల్లల విషయమైతే 1098. గంజాయి రవాణా గురించి సమాచారం ఇవ్వాలంటే మన రాష్ట్రంలో ఈగల్ విభాగం నంబరు 1972.

చట్టం గురించి భయం

వైద్యానికి వెళ్తే పోలీసులకు పట్టిస్తారేమో అని చాలామంది ఇంట్లోనే దాచేస్తారు. ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. మత్తుకు అలవాటుపడినవాడు, వాడకం కేసులోనో కొద్ది పరిమాణం కేసులోనో ఉన్నా, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలో లేదా గుర్తింపు ఉన్న కేంద్రంలో వైద్యం చేయించుకుంటే ఆ నేరానికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు.

మోతకు ఈ రక్షణ లేదు. గంజాయి 1 కిలో దాకా కొద్ది పరిమాణం. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, 10 నుంచి 20 ఏళ్ల జైలు, బెయిలు దొరకడం చాలా కష్టం. ఒక్క మూట 20 కిలోలు దాటడం ఎంత తేలికో మీకు తెలుసు. పిల్లల చేత మోయించినవాడికి బాల న్యాయ చట్టం 78వ సెక్షన్ కింద 7 ఏళ్ల దాకా శిక్ష ఉంటుంది. “ఒక్క ట్రిప్పేరా” అని అడిగేవాడు ఈ లెక్క మీకు చెప్పడు.

ఆ అన్నయ్య సంగతి

ఆ అమ్మాయి పదో తరగతిలో ఉండగా మళ్లీ అడిగింది. ఈసారి పంపేయలేదు. నేను కూడా నాలుగు చోట్ల అడిగి తెలుసుకుని, వాళ్ల అమ్మను రప్పించి చెప్పాను. కొట్టరు, తాళం వేయరు అని నమ్మించడానికే రెండు నెలలు పట్టింది. విశాఖలో ప్రభుత్వ ఓపీకి వెళ్లారు. తొలిసారి మందులతో, మాటలతో మూడు నెలలు మానాడు. జాతర రోజుల్లో స్నేహితులతో మళ్లీ పీల్చాడు. వాళ్ల నాన్న ఇక అయిపోయిందని వదిలేస్తానన్నాడు. మళ్లీ జారడం ఈ జబ్బులో మామూలేనని, జారిన మరుసటి వారమే తీసుకురమ్మని డాక్టరు చెప్పారు. తల్లి మళ్లీ తీసుకెళ్లింది. పోయిన కాఫీ కాలంలో ఆ అబ్బాయి పళ్లు ఏరే కూలికి వెళ్లాడు. పూర్తిగా బాగుపడ్డాడని ఇవాళ నేను రాయను. బతికి ఉన్నాడు, ఇంట్లో ఉన్నాడు, మందుకు వెళ్తున్నాడు. ఆ ప్రశ్న మొదటిసారి అడిగినప్పుడే నాకు జవాబు తెలిసి ఉంటే అతనికి ఒక ఏడాది మిగిలేది.

2019లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. చట్టం ఒప్పుకోని మత్తుకు బానిసైనవాళ్లలో 20 మందికి ఒక్కరు. మిగతా వాళ్లలో చాలామందికి దారి చెప్పే మనిషి లేడు. మీరు చదువుకున్నవాళ్లు. ఫోన్ చూడటం తెలిసినవాళ్లు, ఆసుపత్రి చీటీ చదవగలిగినవాళ్లు, బస్సెక్కి విశాఖలో దిగడానికి భయపడనివాళ్లు. మీ ఊళ్లో ఒక ఇంటికి ఆ దారి చూపించండి. ఆగస్టు 9న ధింసా ఆడినాక, గ్రామసభలో మత్తు మీద ఒక తీర్మానం పెట్టమని పెద్దలను అడగండి. వచ్చే ఏడాది ఈ సంచికకు మీ ఊరి సంగతి మీరే రాసి పంపండి. నేను తప్పకుండా చదువుతాను.

మీ వార్డెన్ అక్క